స్టేడియం కంటే ముందు శిక్షకురాలు

మన పత్రికల్లో క్రీడాకారిణుల ఛాయాచిత్రాలు సాధారణంగా రెండు సందర్భాల్లోనే కనిపిస్తాయి. పతకం గెలిచిన మర్నాడు ఒకసారి, ఆ పతకానికి సన్మానం జరిగిన మర్నాడు మరొకసారి. ఆ తరువాత ఆమె ఏమైందో, ముప్పై అయిదేళ్ల వయసులో ఏం చేస్తున్నదో, తాను నేర్చుకున్నది ఎవరికి నేర్పుతున్నదో అడిగేవారు అరుదు. ఇది క్రీడాభిమానుల ప్రశ్న కదా, ఒక విశ్రాంత వైద్యునికి ఇందులో పనేమిటని కొందరు పాఠకులకు తోచవచ్చు. ఇది ముమ్మాటికీ ఆరోగ్య ప్రశ్నేనని నా అభిప్రాయం. ఎందుకో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఆడపిల్లలు ఆటలు మానివేసే వయసు, వారి శరీరానికి ఆట అత్యంత అవసరమయ్యే వయసు ఒకటే. పన్నెండు నుంచి పదహారేళ్ల మధ్య ఎముక గట్టిపడుతుంది, కండరం కుదురుకుంటుంది, రక్తహీనత మొదలవుతుంది, నెలసరి ఆరంభమవుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో పెద్దలు "ఇక చాల్లే, పెద్దదానివయ్యావు" అంటారు. ఆ పిల్లను మైదానంలో నిలిపి ఉంచగల వ్యక్తి ఎవరు? ఆ దారిలో తాను నడిచి, పడి, లేచి వచ్చిన మరొక స్త్రీ. కనుక ఆడిన స్త్రీ శిక్షకురాలిగా మారడమనేది ఒక వ్యక్తి ఉద్యోగ విషయంతో ముగిసేది కాదు. ఒక తరం ఆరోగ్యం దానిపై ఆధారపడి ఉన్నది.

ఒక నాయకురాలి ప్రస్థానం

తెలుగునేల మీద జట్టుకు నాయకత్వం వహించి, పిదప దేశానికి శిక్షకురాలైన స్త్రీ ఎవరని అడిగితే ముందుగా చెప్పవలసిన పేరు పూర్ణిమా రావు. 1967లో సికింద్రాబాదులో జన్మించిన ఆమె 1993 నుంచి 2000 వరకు భారత మహిళల క్రికెట్ జట్టుకు ఆడారు. కుడిచేతి బ్యాటింగు, ఆఫ్ స్పిన్ బౌలింగు రెండూ తెలిసిన క్రీడాకారిణి. మొత్తం 5 టెస్టులు, 33 వన్డేలు ఆడారు. అన్నేళ్లలో అయిదు టెస్టులేనా అని ఆశ్చర్యపోకండి. ఆనాడు మహిళలకు మ్యాచులే తక్కువ. మహిళల క్రికెట్ 2006లో గాని భారత క్రికెట్ నియంత్రణ మండలి గొడుగు కిందికి రాలేదు. అంతకుముందు వారు ఆడింది ప్రధానంగా ఆట మీది ప్రేమతోనే.

1995 ఆమె నాయకత్వానికి మరపురాని సంవత్సరం. ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లో జరిగిన శతవార్షిక పోటీలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి జట్లను ఎదుర్కొని భారతదేశం విజేతగా నిలిచింది. అదే ఏడాది నవంబరులో జంషెడ్‌పూర్‌లో ఇంగ్లండుతో జరిగిన టెస్టులో భారత జట్టు కేవలం 2 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ టెస్టులోనే నీతూ డేవిడ్ ఒక ఇన్నింగ్స్‌లో 53 పరుగులిచ్చి 8 వికెట్లు తీశారు. మహిళల టెస్టు క్రికెట్‌లో అంతటి గణాంకాలు ఇప్పటికీ మరెవరికీ లేవు. ఒకే ఏడాదిలో విదేశీగడ్డపై విజయం, స్వదేశంలో రెండు పరుగుల ఓటమి! గెలుపును మోయడమెట్లాగో, ఓటమిని మోయడమెట్లాగో రెండూ తెలిసినవారే మంచి గురువులవుతారు.

ఆ అనుభవం వృథా కాలేదు. ఆమె భారత జట్టుకు ప్రధాన శిక్షకురాలయ్యారు. 2016 జనవరిలో ఆమె శిక్షణలో మన అమ్మాయిలు ఆస్ట్రేలియాలో టీ20 సిరీస్‌ను 2-1తో గెలుచుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో బ్యాంకాక్‌లో ఆసియా కప్పు, 2017 ఫిబ్రవరిలో కొలంబోలో ప్రపంచకప్పు అర్హత పోటీ కూడా మనవే. అయితే 2017 ఏప్రిల్‌లో, ఇంగ్లండులో ప్రపంచకప్పు మొదలు కావడానికి రెండు నెలలకు కాస్త పైన సమయం ఉండగా, ఆమె స్థానంలో మరొకరిని నియమించారు. ఆ జట్టు మిథాలీ రాజ్ నాయకత్వంలో ఫైనల్ దాకా వెళ్లి, జూలై 23న లార్డ్స్ మైదానంలో 9 పరుగుల తేడాతో ఓడింది. ఆ రోజు దేశమంతా టీవీల ముందు కూర్చున్నది. మహిళల క్రికెట్‌కు మన దేశంలో అంతటి ఆదరణ అదే మొదలు.

శిక్షకులను మార్చే అధికారం ఏ సంస్థకైనా ఉంటుంది. ఆ నిర్ణయం సరైనదా కాదా అని తీర్పు చెప్పడం నా పని కాదు. నేను గమనించమని కోరేది వేరొకటి. పురుషుల జట్టుకు ఆడి విరమించినవారికి శిక్షణ, వ్యాఖ్యానం, ఎంపిక సంఘం, అకాడమీ అంటూ పది తలుపులు తెరిచి ఉంటాయి. స్త్రీకి ఒకటి రెండు తలుపులే ఉంటాయి. వాటిలో ఒకటి మూసుకుంటే ఆమె వద్ద ఉన్న పాతికేళ్ల జ్ఞానం ఆమెతోపాటే ఇంటికి వెళ్లిపోతుంది. 2025 నవంబరులో భారత మహిళలు తొలిసారి వన్డే ప్రపంచకప్పు గెలిచినప్పుడు మన కడప జిల్లా అమ్మాయి శ్రీ చరణి ఆ జట్టులో ఉన్నందుకు మనమంతా ఎంతో సంతోషించాము. ఆ జట్టు ప్రధాన శిక్షకుడు పురుషుడు, సమర్థుడు. దానికి ఆక్షేపణ లేదు. కాని 2023లోనూ, 2025లోనూ మన పందొమ్మిదేళ్ల లోపు అమ్మాయిలు ప్రపంచకప్పు గెలిచినప్పుడు వారి శిక్షకురాలు నూషిన్ అల్ ఖదీర్. ఆమె స్వయంగా భారత జట్టుకు ఆడిన ఆఫ్ స్పిన్నర్. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష ఆ రెండు జట్లలోనూ ఉన్నది. అవకాశమిస్తే ఆడిన స్త్రీలు ఏం చేయగలరో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర లేదు.

వైద్యుని దృష్టిలో శిక్షకురాలు

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన విషయానికి వస్తాను. ఆడపిల్ల ఆరోగ్యంలో అందరికంటే ముందు తేడాను గమనించగలిగేది తల్లి. ఆమె తరువాత, రోజూ గంటసేపు ఆ పిల్లను పరుగెత్తించే వ్యక్తి. వైద్యుడు చూసేది జబ్బు ముదిరిన తరువాతే. ఈ నాలుగు విషయాలను పరిశీలించండి.

మొదటిది రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల బాలికల్లో 59 శాతం మందికి రక్తం తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను లెక్కిస్తే అది 58.8 శాతం. అంటే ఖోఖో జట్టులో పన్నెండు మంది ఉంటే వారిలో ఏడుగురు రక్తహీనతతో ఆడుతున్నారని అనుకోవాలి. అటువంటి పిల్ల నాలుగు అంగలు వేయగానే ఆయాసపడుతుంది. తెలియని శిక్షకుడు దాన్ని సోమరితనమంటాడు. తెలిసిన శిక్షకురాలు కనురెప్ప కిందికి లాగి చూస్తుంది, నెలసరి ఎన్ని రోజులు ఉంటున్నదో అడుగుతుంది, ఆరోగ్య కేంద్రానికి పంపుతుంది. "నువ్వు పనికిరావు" అనే మాటకూ, "నీకు రక్తం తక్కువగా ఉన్నదేమో, పరీక్ష చేయిద్దాం" అనే మాటకూ మధ్య ఒక బాలిక జీవితమే ఉన్నది.

రెండవది నెలసరి. మైదానంలో మరుగుదొడ్డి లేకపోతే, మరక పడుతుందేమోనన్న భయం ఉంటే, నొప్పి గురించి చెప్పుకునే మనిషి లేకపోతే, నెలకు అయిదు రోజులు ఆ పిల్ల ఆటకు రాదు. క్రమంగా అసలే రావడం మానేస్తుంది. ఇది పల్లెటూళ్ల బిడియం మాత్రమే అనుకోవద్దు. లండన్ మహానగరంలోని వింబుల్డన్ టెన్నిస్ పోటీల్లో ఆపాదమస్తకం తెల్లదుస్తులే ధరించాలన్న నియమాన్ని క్రీడాకారిణుల ఆందోళన విని 2023లో గాని సడలించలేదు. స్కర్టు కింద ముదురు రంగు లోదుస్తులు ధరించడానికి అప్పుడు అనుమతించారు. అగ్రశ్రేణి క్రీడాకారిణులకే అన్నేళ్లు పట్టిన మాటను ఎనిమిదో తరగతి పిల్ల డ్రిల్లు మేష్టారికి ఎలా చెప్పగలదు?

మూడవది తిండికీ శ్రమకూ పొత్తు కుదరకపోవడం. కఠోర సాధన చేస్తూ చాలినంత తినని బాలికల్లో శరీరం తన ఖర్చు తగ్గించుకుంటుంది. ముందుగా నెలసరి క్రమం తప్పుతుంది లేదా ఆగిపోతుంది. ఆ తరువాత ఎముకలు బలహీనపడి, చిన్న ఒత్తిడికే సన్నని పగుళ్లు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ స్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టి ప్రపంచానికి హెచ్చరిక చేసింది. మూడు నెలలు వరుసగా నెలసరి రాకపోతే "ఆటలాడే పిల్లలకు ఇది మామూలే" అని ఊరుకోకూడదు. అది శరీరం చేస్తున్న ఫిర్యాదు. జీవితాంతం ఉపయోగపడే ఎముక బలంలో అధికభాగం ఇరవై ఏళ్ల లోపే సమకూరుతుంది. ఆ వయసులో పోగొట్టుకున్నది అరవైలో తుంటి ఎముక విరిగినప్పుడు లెక్కకు వస్తుంది.

నాలుగవది మోకాలు. కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్ వంటి ఆటల్లో ఒక్కసారిగా మలుపు తిరిగేటప్పుడు, ఎగిరి దిగేటప్పుడు మోకాలిలోని క్రూసియేట్ లిగమెంటు తెగే ప్రమాదం ఉన్నది. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలకు ఈ ప్రమాదం రెండు రెట్లకు పైగా ఉన్నట్లు అధ్యయనాలు చెబుతున్నాయి. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా, కొద్దిగా వంచి దిగడం, తొడ వెనుక కండరాలను, నడుమును బలపరచడం, ఒంటికాలిపై నిలకడ సాధించడం నేర్పితే ఈ ప్రమాదం గణనీయంగా తగ్గుతుంది. ఇందుకు పరికరాలు అక్కర లేదు. ఆటకు ముందు పావుగంట, వారానికి రెండు మూడుసార్లు చేయించే వ్యాయామం చాలు. చేయించే మనిషి కావాలి, అంతే.

మన ప్రాంతం చెప్పే కథ

చీపురుపల్లిలో రైలెక్కితే సిగడాం, పొందూరు దాటి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగుతాం. అదే ఆమదాలవలస. అక్కడి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. మహిళల బరువులెత్తే పోటీని ఒలింపిక్స్‌లో చేర్చినది కూడా ఆ ఏడాదే. బంగారు, రజత పతకాలు గెలిచినవారు ఎత్తినది 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలు మాత్రమే. ఆమె చివరి ప్రయత్నం 137.5 కిలోలకు చేసి సఫలం కాలేదు. బరువు ఎత్తేది క్రీడాకారిణే అయినా, ఎంత వేయాలన్న లెక్క శిక్షకుల బల్ల దగ్గర జరుగుతుంది. శిక్షణ అనే పనికి ఎంత విలువ ఉన్నదో ఈ రెండున్నర కిలోలే చెబుతాయి.

ఇటువైపు నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ బరువులెత్తేవారి ఊరుగా పేరు పొందింది. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తి మూడో స్థానంలో నిలిచింది. పిదప ఆమె కాంస్యం రజతంగా మారింది. కారణం, ప్రథమస్థానం పొందిన నైజీరియా బాలిక నిషిద్ధ ఔషధ పరీక్షలో దొరికిపోవడం. ఆ బాలిక వయసు పదహారేళ్లు. ఆమె శరీరంలో దొరికినవి అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్. మన పాఠకుల్లో రక్తపోటుకు మాత్రలు వాడేవారికి ఈ రెండో పేరు పరిచయమే. ఇవి మూత్రాన్ని ఎక్కువగా పోయించే మందులు. ఒంట్లోని నీటిని తోడేసి బరువు తగ్గినట్లు చూపిస్తాయి, వేరే మందుల జాడను కూడా పలచబరుస్తాయి. అందుకే క్రీడల్లో వాటిని నిషేధించారు. ఆరోగ్యవంతులైన పిల్లలు వాటిని మింగితే లవణాల సమతుల్యం దెబ్బతిని, కండరాలు పట్టుకుపోయి, గుండె లయ కూడా తప్పవచ్చు.

మన అమ్మాయికి రజతం వచ్చినందుకు సంతోషించాం. పదహారేళ్ల పిల్లకు నిషిద్ధ ఔషధాల గురించి ఎవరు ముందుగా చెప్పి ఉండాలి అన్న ప్రశ్న కూడా మనం వేసుకోవాలి. బరువు విభాగాలున్న ఆటల్లో పోటీకి ముందు నీళ్లు మానిపించడం, ఆవిరి పట్టించడం, ఎవరో ఇచ్చిన పొడులు తినిపించడం మనకు తెలియని సంగతులు కావు. తాను అదే బరువు తూకం మీద నిలబడి వచ్చిన స్త్రీ పక్కన ఉంటే "ఇది తినకు, ఈ తూకానికి నీ ఒళ్లు ఒప్పుకోదు, పై విభాగంలో ఆడు" అని చెప్పగలుగుతుంది.

మల్లీశ్వరి తన పాఠాన్ని తనతోనే ఉంచుకోలేదు. పెళ్లి తరువాత స్థిరపడిన హర్యానాలోని యమునానగర్‌లో అకాడమీ స్థాపించి పిల్లలకు శిక్షణ ఇచ్చారు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు. ఇది మనకందరికీ గర్వకారణం. ఆ గర్వంతోపాటు ఒక ప్రశ్న కూడా మనకు ఉండాలి. ఆమె వంటివారు మన నాగావళి, చంపావతి తీరాల పిల్లలకు నేర్పదలిస్తే, వారికి ఇవ్వడానికి మన వద్ద ఒక ఉద్యోగం, ఒక గది, ఒక మైదానం సిద్ధంగా ఉన్నాయా? మల్లీశ్వరి స్థాయికి చేరని వారి సంగతి ఇంకా ముఖ్యం. జిల్లా, రాష్ట్రస్థాయిల్లో ఆడి, పెళ్లయి, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్న స్త్రీలు మన ప్రతి మండలంలోనూ ఉన్నారు. వారి ధ్రువపత్రాలు ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. వారి జ్ఞానానికి మాత్రం చోటు లేదు.

కొన్ని ఆక్షేపణలు

"మగ శిక్షకులు ఆడపిల్లలను తీర్చిదిద్దలేదా?" అని కొందరు అడుగుతారు. తప్పక తీర్చిదిద్దారు. మల్లీశ్వరికి తొలిపాఠాలు చెప్పినది నీలంశెట్టి అప్పన్నగారు. మన ప్రాంతంలో వ్యాయామవిద్యకు వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామశాల నడిపిన కోడి రామ్మూర్తి నాయుడుగారి కాలం నుంచి ఘనమైన పరంపర ఉన్నది. ఆ గురువులందరికీ నమస్కరిస్తూనే చెబుతున్నాను: ఒక్క రకం గురువులతోనే సరిపెట్టుకోవడం లోపం. టోక్యో ఒలింపిక్స్‌లో క్రీడాకారులలో దాదాపు సగం మంది స్త్రీలు కాగా, శిక్షకులలో స్త్రీలు 13 శాతం మాత్రమే. ఆడేది సగం, నేర్పేది ఎనిమిదో వంతు! ఇది ప్రతిభలోని తేడా కాదు, తలుపుల సంఖ్యలోని తేడా.

"బాగా ఆడినవారందరూ బాగా నేర్పగలరా?" అన్నది రెండో ఆక్షేపణ. ఇది న్యాయమైన ప్రశ్న. మంచి శస్త్రవైద్యులందరూ మంచి అధ్యాపకులు కారు. కనుక మాజీ క్రీడాకారిణులకు శిక్షణలో శిక్షణ కావాలి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా నుంచి ఆరు వారాల స్వల్పకాలిక పాఠ్యక్రమాల దాకా మార్గాలున్నాయి. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి పటియాలా దాకా వెళ్లలేదు. విశాఖలోనో విజయనగరంలోనో సెలవుల్లో అటువంటి తరగతులు నడపడం ప్రభుత్వానికి పెద్ద భారమేమీ కాదు.

ఈ సందర్భంలో నెదర్లాండ్స్‌కు చెందిన సరీనా వీగ్‌మన్‌ను తలచుకోవాలి. ఆమె తన దేశ మహిళల ఫుట్‌బాల్ జట్టుకు నాయకురాలు. అదే సమయంలో ఒక పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయిని. ఆట విరమించిన తరువాత శిక్షకురాలై 2017లో నెదర్లాండ్స్‌ను, 2022లోనూ 2025లోనూ ఇంగ్లండును ఐరోపా విజేతలుగా నిలిపారు. ప్రపంచస్థాయి శిక్షకురాలు ఒకప్పుడు బడిలో ఈల ఊదిన టీచరమ్మే. మన జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలల్లోని పీఈటీ టీచర్లను చిన్నచూపు చూసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడో ఆక్షేపణ, "పదిమందిలో ఒక్కరికైనా పతకం రాదు కదా, ఇంత ఖర్చెందుకు?" నేను పతకాల కోసం అడగడం లేదు. బడి వయసు పిల్లలు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2016 నాటి ప్రపంచ గణాంకాల ప్రకారం ఆ మాత్రం కదలిక లేని బాలికలు 85 శాతం, బాలురు 78 శాతం. రేపటి మధుమేహానికి, ఊబకాయానికి, ఎముకల గుల్లబారుడుకు ఇవాళ వేస్తున్న విత్తనాలివి. పతకం ఒకరికి వస్తుంది, ఆరోగ్యం అందరికీ వస్తుంది.

మన మండలంలో ఏం చేయవచ్చు?

ఊరికొక స్టేడియం కావాలని నాయకులను అడుగుతాం. శంకుస్థాపన ఫలకం పడుతుంది, గోడ లేస్తుంది, తాళం పడుతుంది. నా సూచన ఏమిటంటే, గోడ కంటే ముందు మనిషిని అడుగుదాం. చీపురుపల్లి వంటి మండలంలో ఈ పనులకు కోట్లు అవసరం లేదు.

1. మండలంలో జిల్లాస్థాయి, ఆపైన ఆడిన స్త్రీల జాబితాను వ్యాయామ ఉపాధ్యాయులు తయారు చేయాలి. ఆసక్తి ఉన్నవారికి గౌరవవేతనం ఇచ్చి, సాయంత్రం గంటన్నర ఉన్నత పాఠశాల మైదానంలో బాలికలకు శిక్షణ ఇప్పించాలి. పంచాయతీ, దాతలు, పూర్వవిద్యార్థులు కలిస్తే ఇది సాధ్యమే.

2. ఆడే ప్రతి బాలికకు ఏడాదికి రెండుసార్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే వైద్యుని సలహాతో చికిత్స తీసుకోవాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రను పారవేయకుండా భోజనం తరువాత మింగాలి. ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పకూడదు. భోజనంతోపాటు టీ తాగితే ఇనుము ఒంటబట్టదు. కూరలో నిమ్మరసం పిండుకుంటే బాగా ఒంటబడుతుంది.

3. సాధనకు ముందూ తరువాతా తిండి ఉండాలి. ఖరీదైన పొడులు వద్దు. మన చోడంబలి, గుడ్డు, వేరుసెనగ చిక్కీ, తోటకూర పప్పు, దొరికితే చేప చాలు. పరగడుపున పరుగులు పెట్టించడం శిక్షణ కాదు, శిక్ష.

4. శిక్షకురాలి దగ్గర ఒక పుస్తకం ఉండాలి. పిల్ల పేరు, ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్, తగిలిన దెబ్బలు అందులో రాయాలి. నెలసరి వివరం పిల్ల ఇష్టపడితేనే, గోప్యంగా నమోదు చేయాలి. ఆ పుస్తకం ఎవరికి పడితే వారికి చూపించేది కాదు.

5. మైదానం పక్కన తలుపు, నీళ్లు, గడియ ఉన్న మరుగుదొడ్డి ఉండాలి. ముదురు రంగు దుస్తులు ఇవ్వాలి. పోటీలకు బయటి ఊరు వెళ్లినప్పుడు బాలికలతో బాధ్యత గల ఒక స్త్రీ తప్పనిసరిగా ఉండాలి. ఈ ఒక్క హామీ ఉంటే, పిల్లను పంపడానికి జంకే తల్లిదండ్రుల్లో సగం మంది ఒప్పుకుంటారని నా నమ్మకం.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయి ఆడితే నల్లబడుతుందని, కాళ్లు గట్టిపడతాయని, సంబంధాలు రావని బెంగపడకండి. గట్టి కాళ్లు ఆమెను ప్రసవవేళ, కుటుంబభారం మోసేవేళ, ముసలితనంలో జారిపడబోయేవేళ కాపాడతాయి. బరువులెత్తితే పిల్లలు పుట్టరన్నది అపోహ. మల్లీశ్వరి ఒలింపిక్ పతకం గెలిచిన మరుసటి ఏడాదే తల్లి అయ్యారు. సరైన పద్ధతిలో, వయసుకు తగిన బరువులతో చేసే వ్యాయామం ఎముకలకు మేలు చేస్తుంది గాని గర్భాశయానికి కీడు చేయదు.

ఒకప్పుడు ఆడి మానివేసిన సోదరీమణులకు మరొక మాట. మీ ఆట ముగిసిందని అనుకోకండి. మీకు తెలిసిన మోకాలి నొప్పి, మీరు దాచుకున్న నెలసరి కష్టం, ఆకలితో పరుగెత్తిన ఉదయాలు, ఓడిపోయి తిరిగివచ్చిన రైలు ప్రయాణాలు, ఇవన్నీ ఇప్పుడు పదమూడేళ్ల పిల్ల ఒకతెకు పాఠాలు కాగలవు. పూర్ణిమా రావు నాయకత్వంలోని జట్టు 2 పరుగులతో ఓడినది 1995లో. ఇరవయ్యేళ్ల తరువాత ఆమె శిష్యురాళ్లు ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డ మీదే ఓడించారు. అనుభవం ఒక తరం నుంచి మరొక తరానికి అందడమంటే ఇదే.

ఈసారి మన ఊరి పాఠశాల యాజమాన్య సంఘం సమావేశం జరిగినప్పుడు ప్రహరీగోడ, రంగులు, బెంచీలతోపాటు ఈ ఒక్క ప్రశ్న కూడా అడగండి: "మన ఆడపిల్లలకు ఆట నేర్పే స్త్రీ ఎవరు?" జవాబు లేకపోతే, ఆ జవాబు దొరికే దాకా అడుగుతూనే ఉండండి.